పడవను రెండుసార్లు కట్టాలి

బిలాస్‌పూర్ నగరంలో తోర్వా పేట అర్పా నది ఒడ్డున ఉన్నది. వేసవి వచ్చిందంటే ఈ నదిలో నీటికన్న ఇసుకే ఎక్కువ కనబడుతుంది. కార్తిక మాసంలో ఛఠ్ పూజనాడు మాత్రం ఘాట్ నిండా జనం చేరి, నడుములోతు నీటిలో నిలబడి, అస్తమించే సూర్యునికి అర్ఘ్యం ఇస్తారు. అటువంటి చోట పడవలో కాపురం పెట్టడం గురించి మాట్లాడితే వినేవారు నవ్వవచ్చు. కాని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. ఇరుకైన పెట్టెలో మనిషి బ్రతుకును ఎలా అమర్చాలో వీరికి మరొకరు చెప్పనక్కరలేదు.

కాబట్టి రైలు పెట్టె దగ్గరే మొదలుపెట్టవచ్చు. దశాబ్దాలపాటు మన దేశమంతటా తిరిగిన పెరంబూరు పెట్టె పొడవు 70 అడుగులు. వెడల్పు పదిన్నర అడుగుల పైచిలుకు. ఆ వెడల్పులో మూడవ వంతు నిలువునా కోసి తీసివేశామని ఊహించండి. మిగిలేది 70 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఇంగ్లండు కాలువల మీద తిరిగే పూర్తి నిడివి నారో బోట్ కొలత సరిగ్గా అదే. తెలుగులో దానిని సన్న పడవ అందాము. ఆ సన్న పడవలో వంటిల్లు, పడక, స్నానాల గది, చలిమంట, నీళ్ళ తొట్టి, యంత్రం అన్నీ ఇమడాలి. అది బెర్తు మీద ఒక రాత్రి గడిపే ప్రయాణం కాదు. ఏళ్ళ తరబడి సాగవలసిన సంసారం.

అటువంటి సంసారాన్ని కోరి తెచ్చుకున్న వాడొకడు రైలింజన్ల పనివాడే కావడం విశేషం.

ఒక ఇంజనీరు, ఒక పాత పడవ

టామ్ రోల్ట్ 1910లో చెస్టర్‌లో పుట్టాడు. స్టోక్ నగరంలోని కెర్ స్టువర్ట్ రైలింజన్ల కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. ఆయన దగ్గర బంధువు కైర్ల్ విలన్స్‌కు క్రెసీ అనే పడవ ఉండేది. ఒకప్పుడు గుర్రం లాగగా సరుకులు మోసిన చెక్క పడవ అది. విలన్స్ దానికి మొదట ఆవిరి యంత్రం బిగించి చూశాడు. తరువాత ఫోర్డ్ మోడల్ టీ కారు ఇంజను అమర్చాడు. ఆ పడవను రోల్ట్ కొన్నాడు. అందులో కాపురం ఉండాలని అతడూ, అతడు పెండ్లాడదలచిన ఏంజెలా నిశ్చయించుకున్నారు.

1939లో ఆక్స్‌ఫర్డ్ కాలువ మీది బాన్‌బరీ పట్టణంలో, టూలీ వారి పడవల కొట్టంలో క్రెసీని ఇల్లుగా మార్చే పని సాగింది. చూచినవారిని అన్నిటికంటె ఎక్కువగా ఆశ్చర్యపరచినది అందులోని స్నానపు తొట్టి. ఆ రోజులలో ఒడ్డున ఉన్న ఇళ్ళలోనే ఎన్నిటికో స్నానాల గది లేదు. జూలైలో పెండ్లి జరిగింది. ఆ నెలాఖరునే దంపతులు బయలుదేరారు. అయిదు వారాలు తిరిగేసరికి, సెప్టెంబరు 3న, బ్రిటన్ యుద్ధంలో దిగింది. సుమారు 400 మైళ్ళ ఆ ప్రయాణం గురించి రోల్ట్ వ్రాసిన ‘నారో బోట్’ పుస్తకం 1944 చివర వెలువడింది.

ఆ పుస్తకం చదివి ఇంగ్లండులో ఎందరో పడవల మీద మనసు పడ్డారు. నేటికీ పడుతున్నారు. కొత్తగా పడవ కట్టించుకోదలచిన వారు మొదట ఏయే రంగులు వేయించాలా, ఎటువంటి అరలు పెట్టించాలా అని ఆలోచిస్తారు. అనుభవజ్ఞులు మాత్రం వేరే ప్రశ్న అడుగుతారు: ‘పడవను ఎక్కడ కడతారు?’

తెలుగులో ఈ ప్రశ్నకు ఉన్న అందం ఇంగ్లీషులో లేదు. మనం ఇల్లు కడతాము, ఓడ కడతాము. ఆ ఓడను రేవులో గుంజకు కూడ కడతాము. నిర్మాణానికీ, బంధనానికీ ఒకటే మాట. పడవ ఇల్లు కావాలంటే దానిని ఈ రెండు విధాలా కట్టవలసిందే. మొదటిది డబ్బూ పనితనమూ ఉంటే జరిగిపోతుంది. రెండవది ఇతరుల అనుమతి లేనిదే జరగదు.

కొలత ఎవరు నిర్ణయించారు?

పడవ వెడల్పు యజమాని ఇష్టం కాదు. అది 18వ శతాబ్దంలోనే నిర్ణయమైపోయింది. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు ట్రెంట్ మెర్సీ కాలువను తలపెట్టినప్పుడు ఖర్చూ నీరూ ఆదా చేయడానికి లాకులను సుమారు 7 అడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవు ఉండేలా కట్టించాడు. 1772లో ఆయన చనిపోయాడు. కాలువ 1777లో పూర్తయింది. ఆ లాకులలో నేటికీ పట్టాలి గనుక పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు మించరాదు. పొడవు విషయంలో కొంత స్వేచ్ఛ ఉన్నది. ఉత్తర ఇంగ్లండులో కొన్ని లాకులు పొట్టివి. దేశంలోని కాలువలన్నిటా తిరగాలనుకునేవారు 57 అడుగులకు లోబడి పడవ కట్టించుకుంటారు.

లోపలి గోడలూ, చలి సోకకుండా వేసే పొరా పోగా మనిషికి మిగిలే వెడల్పు సుమారు 6 అడుగులు. గదులన్నీ రైలు పెట్టెలో వలె వరుసగా ఉంటాయి. ఒకదాని నుంచి మరొకదానికి ఒక పక్కగా నడవా సాగుతుంది. వెనుకటి సరుకు పడవలలో ఇంత విశాలం కూడ లేదు. పొడవులో అధిక భాగం బొగ్గుకో, మట్టిపాత్రలకో పోగా, వెనుక ఉన్న 10 అడుగుల గదిలోనే సంసారమంతా సాగేది. మెట్లు దిగగానే ఎడమ పక్క పొయ్యి. దాని ప్రక్కన ఒక అలమార, ఆ అలమార తలుపు కిందికి దించితే భోజనాల బల్ల. చివర అడ్డంగా పరచుకొని పగలు మడిచివేసే పడక. రైళ్ళ పోటీతో కిరాయిలు పడిపోయి, ఒడ్డున ఇంటి అద్దె కట్టలేక, పడవవారు భార్యాబిడ్డలను ఆ గదిలోకి తెచ్చుకున్నారు. ఇప్పుడు కొందరు సరదాపడి కోరుకునే ఇరుకు, ఆనాడు పేదరికం నేర్పిన సర్దుబాటు.

మంట, గాలి, మృత్యువు

నేటి పడవ ఇనుముతో తయారవుతుంది. అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, ప్రక్కలు 6, పైకప్పు 4 ఉండడం సాధారణం. ఇనుము చలిని లోపలికి తెస్తుంది. మనుషుల ఊపిరిలోని తడి, వంట ఆవిరి ఆ చల్లని రేకుకు తగిలి నీరై కారుతుంది. చెక్క పలకల వెనుక బూజు పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి పలకలు బిగించకముందే రేకు లోపలివైపు నురగవలె చిమ్మి గట్టిపడే పొర వేయిస్తారు. ఇది తరువాత చేయించుకుందామంటే వీలుపడదు. లోపలి అమరికనంతా ఊడదీయవలసి వస్తుంది.

వేడికి ఎక్కువమంది పోత ఇనుము పొయ్యిని ఎన్నుకుంటారు. బొగ్గో కట్టెలో వేసి, రాత్రికి గాలి తగ్గించి వదిలితే తెల్లవారేదాకా కనకనలాడుతుంది. పడవకు నాలుగైదు కిలోవాట్ల పొయ్యి చాలు. అంతకన్న పెద్దదైతే కిటికీలు తెరచుకొని కూర్చోవలసి వస్తుంది. దానితో చిక్కు ఏమంటే, పొయ్యి ముందు గదిలో ఉంటే వేడి అక్కడే మూగుతుంది; వెనుక పడక గదిలో దుప్పట్లు చల్లగానే ఉంటాయి. అందుకని పొయ్యి వెనుక చిన్న నీళ్ళ పెట్టె అమర్చి, గొట్టాల ద్వారా వేడినీటిని పడవ పొడవునా తిప్పుతారు. గొట్టాలకు సరియైన వాలు ఇస్తే పంపు కూడ అక్కరలేదు. వేడినీరు తేలికపడి పైకి, చల్లారిన నీరు బరువై కిందికి, తనంతట తానే తిరుగుతుంది. డీజిలు హీటరు మరొక దారి. మీట నొక్కితే వెలుగుతుంది, బూడిద ఎత్తే పని లేదు. కాని అది నడవడానికి బ్యాటరీలో విద్యుత్తు ఉండాలి. చలి మిక్కుటంగా ఉండి, పొద్దు చిన్నదై, సూర్యఫలకలు పనిచేయని రోజునే ఆ విద్యుత్తు కరవవుతుంది. అందువల్ల చాలామంది రెండూ పెట్టుకుంటారు.

బొగ్గు కుంపటి గదిలో పెట్టుకొని, తలుపులు బిగించి పడుకొని, తెల్లవారి లేవని మనుషుల వార్త ఉత్తరాదిన ప్రతి చలికాలమూ చదువుతూనే ఉంటాము. పడవ అనేది అటువంటి మూసిన గదే. మంట సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. చలిగాలి వస్తున్నదని గాలి కంతలను గుడ్డతో మూసివేయడం పడవలో చేయగల పనులలోకెల్లా ప్రమాదకరమైనది. బ్రిటన్‌లో పడవలకు నాలుగేళ్ళకొకసారి భద్రతా పరీక్ష జరుగుతుంది. మనుషులు ఉండే పడవలలో ఈ వాయువును పసిగట్టి మోగే యంత్రం తప్పనిసరి అని 2019 ఏప్రిల్ నుంచి ఆ పరీక్షలో చేర్చారు.

వంటగ్యాసుతో మరొక జాగ్రత్త ఉన్నది. అది గాలికన్న బరువైనది. ఇంటిలో కారితే గుమ్మం దాటి పోగలదు. పడవలో కారితే నీటివలె అడుగున చేరి, నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. అందుకే సిలిండర్ల అర లోపలి గదులతో సంబంధం లేకుండా ఉండాలి. దాని అడుగున ఉన్న రంధ్రం నీటి మట్టానికి పైగా, పడవ వెలుపలికి తెరుచుకోవాలి. కారిన వాయువు కాలువ మీదికి జారిపోతుంది.

తూకం తప్పితే

ఇంటికి లేని చిక్కు పడవకు మరొకటి గలదు: ప్రతి వస్తువుకూ బరువు లెక్క చెప్పాలి. పొయ్యి, బీరువా, పుస్తకాలు ఒకే ప్రక్కన పెడితే ఇల్లు అటు ఒరుగుతుంది. సాధారణంగా నీళ్ళ తొట్టి ముక్కు భాగాన ఉంటుంది. అందులో 500 లీటర్లు పట్టాయంటే అరటన్ను. స్నానాలు చేసి, బట్టలు ఉతికి, నీరు అయిపోయేసరికి ముక్కు పైకి లేస్తుంది. అందుకే నేల పలకల కింద ఇటుకలో రాళ్ళో పేర్చి పడవను సరిచేస్తారు. ఆ పని సామాను అంతా చేరిన తరువాత చేయాలి. నేలను శాశ్వతంగా బిగించివేసి, తరువాత తూకం చూసుకునేవారు కష్టపడతారు.

స్నానపు నీటిని ప్రయాణమే కాస్తుంది. ఇంజను వేడిని వృథా పోనీయకుండా నీళ్ళ పీపాలోని చుట్టగొట్టం గుండా తిప్పుతారు. కొన్ని గంటలు పడవ నడిస్తే సాయంత్రానికి వేన్నీళ్ళు సిద్ధం. రైలింజను దగ్గర పనిచేసినవారికి ఈ పొదుపు కొత్త కాదు. మరుగుదొడ్డి ఏర్పాటు ఏదైనా, నిండిన పెట్టెను ఎక్కడ ఖాళీ చేస్తారన్నది ముందే తెలుసుకోవాలి. ఇక్కడికి వచ్చేసరికి ప్రతి ప్రశ్నా ఒడ్డు వైపే చూపిస్తుంది. నీళ్ళ కొళాయి ఎక్కడ? బొగ్గు ఎవరు తెస్తారు? విద్యుత్తు తీగ ఉన్నదా? పొయ్యి ఎంత పెద్దది కావాలన్నది కూడ పడవ ఎక్కడ ఉంటుందన్న దానిపై ఆధారపడుతుంది.

రెండవ కట్టు

ఇంగ్లండు, వేల్సులలో దాదాపు 2,000 మైళ్ళ కాలువలూ నదులూ 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అధీనంలో ఉన్నాయి. పడవకు లైసెన్సు కావాలంటే 1995 నాటి చట్టం రెండు దారులు చూపుతుంది. పడవను న్యాయంగా ఉంచుకోదగిన స్థిరమైన చోటు ఒకటి ఉన్నదని చూపడం మొదటిది. అది లేనివారు, నిజంగా ప్రయాణం చేస్తూ, ఏ ఒక్క చోటా ఎడతెగకుండా 14 రోజులకు మించి ఆగకుండా ఉండడం రెండవది.

చెప్పడానికి రెండవ దారి ఎంతో రమ్యం. పక్షం రోజులకొక కొత్త ఊరు, కొత్త చెట్టు నీడ. కాని బడికి వెళ్ళే పిల్లవాడున్న ఇంటికి, వారం వారం వైద్యుని చూడవలసిన వృద్ధునికి, వేళకు కచేరికి పోవలసిన ఉద్యోగికి ఆ 14 రోజులు మరొక విధంగా కనబడతాయి. ఉత్తరం ఏ చిరునామాకు రావాలి? స్థిరమైన చోటులోనూ ఒక మెలిక ఉన్నది. పడవను నిలుపుకోవడానికి ఇచ్చిన ప్రతి చోటా అందులో నివాసం ఉండడానికి అనుమతి ఇచ్చినట్లు కాదు. నగరాలకు దగ్గరగా నివాసయోగ్యమైన రేవులు అరుదు. దొరికినా అద్దె ఎక్కువ. పడవ కట్టించుకోవడానికి సొమ్మంతా వెచ్చించి, అది నీటిలోకి దిగిన రోజున దానిని కట్టడానికి గుంజ వెదకుకోవడం కంటె విచారకరం ఏముంటుంది?

తాడు కట్టడంలోనూ నేర్పు ఉన్నది. మరీ బిగిస్తే నీటి మట్టం తగ్గిన రాత్రి పడవ తాటికి వేలాడి ఒరుగుతుంది. మరీ వదులైతే పక్కగా మరొక పడవ పోయినప్పుడల్లా ముందుకూ వెనుకకూ కొట్టుకొని మేకులను పెరికివేస్తుంది. పట్టు ఉండాలి, ప్రాణం ఆడాలి.

రోల్ట్ దంపతులకు దొరికిన గుంజ వొర్సెస్టర్ బర్మింగ్‌హామ్ కాలువ మీది టార్డెబిగ్ దగ్గర ఉన్నది. 30 లాకుల మెట్ల వరుసకు పేరుపొందిన చోటు అది. 1941 నుంచి అయిదేళ్ళు క్రెసీ అక్కడే నిలిచింది. రాబర్ట్ ఐక్‌మన్ అనే రచయిత ‘నారో బోట్’ చదివి ఉత్తరం వ్రాసి, 1945 ఆగస్టులో అక్కడికే వచ్చి రోల్ట్‌ను కలుసుకున్నాడు. మరుసటి ఏడు ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. మూతపడిపోతున్న కాలువలను కాపాడడమే దాని పని.

1947 మే నెలలో ఒక సంఘటన జరిగింది. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ అప్పుడు గ్రేట్ వెస్ట్రన్ రైల్వే సొత్తు. లిఫర్డ్ దగ్గర ఎత్తవలసిన వంతెనను ఎత్తడం మానివేశారు. పడవలకు దారి లేదు. కాలువలో ప్రయాణించే హక్కు మాత్రం చట్టం ప్రకారం ప్రజలకు ఉన్నది. ముందుగా తెలియజేస్తే వంతెన ఎత్తుతామని మాట రాగానే, రోల్ట్ తెలియజేసి మరీ క్రెసీని నడుపుకొని వచ్చాడు. రైల్వే కూలీలు జాకీలు పెట్టి వంతెనను ఎత్తవలసి వచ్చింది. ఎంతకాలం తిరిగే పడవ ఒకటి ఉంటుందో అంతకాలమే కాలువకు ప్రాణం ఉంటుందని ఆ ఒక్క ప్రయాణం చాటింది. అదే కాలువ దక్షిణ భాగాన్ని స్వచ్ఛంద సేవకులు బాగుచేయగా 1964లో తిరిగి తెరిచారు.

మన లాకులు

ఈ కథ తెలుగువారికి దూరపుది కాదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆర్థర్ కాటన్ గోదావరి డెల్టాకు నీటితోబాటు పడవ దారిని కూడ ఇచ్చాడు. రైళ్ళకన్న కాలువలే ఈ దేశానికి చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. కాకినాడ నుంచి రాజమహేంద్రవరం, ఏలూరు, బెజవాడల మీదుగా కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ పట్టుకుంటే మద్రాసు దాకా నీటి మీదనే పోగలిగిన కాలం ఒకటుండేది. 1899లో బెజవాడ మద్రాసు రైలు మార్గం, 1900లో గోదావరి మీది వంతెన పూర్తయ్యాయి. తరువాత లారీలు వచ్చాయి. పడవలు ఒక్కొక్కటే రేవు విడిచిపోయాయి. ఊళ్ళలో లాకులనే పేరు మిగిలింది. లాకులు దాటే గూటిపడవ మిగలలేదు. 2008లో ఈ మార్గాన్ని 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాని పటం మీద గీసిన గీత పడవను పిలువలేదు. పడవ తిరిగితేనే గీత కాలువ అవుతుంది.

డెల్టాలో ‘కట్టు’ అన్న మాటకు మూడవ అర్థం కూడ ఉన్నది. వేసవిలో మరమ్మతులకు నీరు ఆపితే ‘కాలువలు కట్టేశారు’ అంటారు. ఇంగ్లండులో చలికాలాన లాకులు బాగుచేయడానికి అదే పని చేస్తారు. ఆ రోజులలో ఎక్కడి పడవ అక్కడే. తెలివైన పడవవాడు ఆ తేదీలు ముందే చూసుకొని, బొగ్గూ నీరూ దొరికే రేవు చేరుకొని తాడు కడతాడు.

1951లో రోల్ట్ క్రెసీని విడిచిపెట్టాడు. దాని చెక్క పాతబడి, ఇక ప్రయాణానికి తగదని తేలిపోయింది. పన్నెండేళ్ళు ఇల్లయి నిలిచిన ఆ పడవ నీటిపాలయింది. అదే సంవత్సరం వేల్సులోని టాలిలిన్ అనే చిన్న రైలు మార్గాన్ని మూతపడకుండా స్వచ్ఛంద సేవకుల చేత నడిపించడానికి ఆయన పూనుకున్నాడు. రైలింజన్ల కర్మాగారంలో మొదలైన మనిషి, కాలువలకు ఊపిరిపోసి, తిరిగి రైలు దగ్గరకే వచ్చాడు.

క్రెసీలో ఆయన అమర్చుకున్న తొట్టి, పడక ఏవీ నేడు లేవు. టార్డెబిగ్‌లో ఆ పడవను కట్టిన ఒడ్డు ఉన్నది; ఆ కాలువలో పడవలు తిరుగుతున్నాయి. మొదటి కట్టు మనిషి సౌఖ్యం కోసం. అది కాలంతో పోయింది. రెండవ కట్టు ఒక ఒడ్డుతో, ఒక నీటితో, సాటి మనుషులతో పడిన ముడి, అది నిలిచింది. అర్పా ఇసుక మీద నిలబడి చూచినా, కాకినాడ కాలువ గట్టు మీద నిలబడి చూచినా ఈ మాట ఒకటే. ఇల్లు కట్టేవాడు పునాది ముందు చూసుకుంటాడు. పడవ కట్టించుకునేవాడు గుంజ ముందు చూసుకోవాలి.